మూడు నిద్రల నియమం

ల్యాబ్ ఆఫీసు, మూడో అంతస్తు
మార్చి 4

వదినకి,

ఫోన్ చేస్తే మాట తప్పిస్తున్నావు. అందుకని నువ్వు పెట్టిన నియమం ప్రకారమే వస్తున్నాను. మన ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల వేదికలో పెద్ద మార్పు కావాలనుకున్నవాళ్ళు ఉత్తరం రాయాలి, అందుకున్నవాళ్ళు మూడు నిద్రలు చేశాకే జవాబివ్వాలి. కోపంలో ఎవరూ ఎవరికీ ఏమీ రాయకూడదని పదేళ్ళుగా అందరికీ చెబుతున్నావు. ఇప్పుడు నీ వంతు.

సంగతి నీకు తెలిసిందే. నువ్వు ఒకప్పుడు పాఠాలు చెప్పిన కాలేజీవాళ్ళు, మన సర్వర్ ఉన్న వెనకగదిని జూలై 31 లోపు ఖాళీ చెయ్యమన్నారు. మిషన్ తీసుకెళ్ళి ఇంకోచోట పెట్టి ఊరుకోవచ్చు. కానీ నిన్న కూర్చుని లెక్క తీశాను. పధ్నాలుగేళ్ళలో మన భాషలో 61,400 ప్రశ్నలు, వాటికి రెండు లక్షల తొంభైవేల జవాబులు. పోయిన నెల కొత్తగా చేరిన ప్రోగ్రామర్లు పదకొండు మంది. మొదటి పేజీ తెరుచుకోవడానికి తొమ్మిది సెకన్లు. ఫోన్‌లో చూస్తే జవాబు రాసే పెట్టె సగం తెర బయటికి పోతోంది. సెర్చ్‌లో 'ప్రింటర్' అని కొడితే ఏమీ దొరకలేదంటుంది. ఆ మాట ఉన్న ప్రశ్నలు నూటనలభై ఉన్నాయి, చేత్తో లెక్కపెట్టాను. అన్నిటికంటే ముఖ్యం, వేదిక నడుస్తున్న సాఫ్ట్‌వేర్‌కి రిపేర్లు రావడం ఆగిపోయి ఆరేళ్ళయింది. చెదలు పట్టిన దూలాన్ని ఇంకో ఇంట్లోకి మోసుకెళ్ళడం ఎందుకు?

కాబట్టి మొత్తం మళ్ళీ కడదాం. కోడ్ కొత్తగా రాద్దాం. సెర్చ్ వేరేగా, ఫోన్‌కి సరిపడేలా. పాత జవాబుల మీద 'ఇది పదేళ్ళనాటిది, ఇప్పుడు పనిచేయకపోవచ్చు' అని ఒక చీటీ వేద్దాం. పోయిన వారం ఒక పిల్ల నీ పాత జవాబు నమ్ముకుని రెండు రోజులు పోగొట్టుకుంది. మొదటిసారి ప్రశ్న అడిగినవాళ్ళని 'ముందు వెతికి చూడలేదా' అని కసిరే అలవాటుకి కూడా ఏదో ఒకటి చెయ్యాలి. మన సెర్చ్‌లో వెతికితే దొరకదు కదా, వాళ్ళేం చేస్తారు? ఐదేళ్ళు చూడని ప్రశ్నలు తీసేద్దామని కూడా నా ఆలోచన.

పని చెయ్యడానికి నాతో కలిసి ఐదుగురున్నాం. నీ నుంచి కావాల్సింది ఒక్కటే, డేటా మొత్తం ఒక కాపీ. ఈ వారంలో పంపు.

అన్నయ్య నిన్ను పెళ్ళి చేసుకుని ఇంటికి తీసుకొచ్చిన ఏడాదే నాకు మొదటి ప్రోగ్రాం నేర్పావు. ఆ చనువుతో అడుగుతున్నాను. ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు, ఆ సగం పెత్తనం ఇన్నాళ్ళకి వాడుకుంటున్నాను.

బొంగరం

•

మేడ మీద గది
మార్చి 8

బొంగరానికి,

మూడు కాదు, నాలుగు నిద్రలు చేశాను. వేదికలో చేరిన రోజు నువ్వు ఆ మారుపేరు ఎందుకు పెట్టుకున్నావో ఇప్పుడు అర్థమైంది. ఒకచోట నిలవవు, పక్కవాళ్ళని నిలవనివ్వవు.

నువ్వు రాసిన లెక్కలన్నీ సరిచూశాను. పేజీకి తొమ్మిది సెకన్లు కాదు, పది. మిగతావి కరెక్టే.

కొత్త కోడ్‌కి ఒప్పుకుంటున్నాను. సెర్చ్, ఫోన్, పాత జవాబుల మీద చీటీ, అన్నీ సరే. నా జవాబుల మీద మొదటి చీటీ నువ్వే వెయ్యి, సంతోషిస్తాను. కొత్తవాళ్ళని కసరడం గురించి చెప్పావు. ఆ కసిరేవాళ్ళలో నేనూ ఉన్నాను. పోయిన ఏడాది నావి ఏడు లెక్కపెట్టాను. మానుకుంటాను.

పాత ప్రశ్నలు తీసెయ్యడానికి మాత్రం ఒప్పుకోను. ఎవరూ చూడలేదంటే ఎవరికీ అక్కర్లేదని కాదు. మన సెర్చ్ చూపించలేదని. ఆ మాట నువ్వే రాశావు, ఆ తర్వాతి వాక్యంలోనే మరిచిపోయావు.

డేటా సంగతి. అది నేనే మారుస్తాను. నువ్వు కొత్త ఇల్లు కట్టు, సామాను నేను మోసుకొస్తాను. నీకు కాపీ అక్కర్లేదు. ఏ పట్టికలో ఏముందో ఒక కాగితం మీద రాసి పంపుతాను, దాన్నిబట్టి కట్టుకో.

మీ అన్నయ్య నీ ఉత్తరం చదివి, 'పెత్తనం సగమే అడిగిందా, పాపం మర్యాదస్తురాలు' అన్నాడు.

వదిన

•

ల్యాబ్ ఆఫీసు, మూడో అంతస్తు
ఏప్రిల్ 20

వదినకి,

ఆరు వారాలయింది. పని ఎంతవరకు వచ్చిందో చెబుతాను. మొదటి పేజీ ఇప్పుడు సెకనులోపు తెరుచుకుంటోంది. సెర్చ్ పనిచేస్తోంది. కానీ ఇదంతా మేం కల్పించి పెట్టుకున్న దొంగ డేటా మీద. రెండువందల ప్రశ్నలు, ముప్ఫై మంది సభ్యులు. ఈ ముప్ఫై మందీ బుద్ధిమంతులు, పేర్లలో చుక్కలు పెట్టరు, ఒకే ప్రశ్న మూడుసార్లు అడగరు. అసలు జనం అలా ఉండరని నీకూ తెలుసు. నిజం డేటా వచ్చిన రోజు ఇది ఎక్కడ విరుగుతుందో మాకు తెలియదు.

నేనిక్కడ చేసే ఉద్యోగం రక్తపరీక్ష మిషన్ల ఫలితాలని కంప్యూటర్‌లోకి తెచ్చే ప్రోగ్రాం రాయడం. ఉత్త నీళ్ళు పోసి మిషన్ పనిచేస్తోందని సంతకం పెట్టమంటే పెట్టను. నువ్వు అడుగుతున్నది అదే.

నువ్వు పంపిన కాగితం చూశాను. సభ్యుల పట్టికలో ఎన్ని కాలమ్‌లున్నాయో పైన పంతొమ్మిది అని రాశావు. కింద పద్దెనిమిదే ఉన్నాయి. నువ్వు లెక్క తప్పే మనిషివి కాదు. మూడుసార్లు అడిగాను. ఒకసారి జ్వరమన్నావు, ఒకసారి డిస్క్ నిండిందన్నావు, ఒకసారి జవాబే లేదు.

నిన్న అన్నయ్య ఫోన్ చేశాడు. 'మీ వదిన ఈ నెలలో మూడుసార్లు పాలు పొంగించేసింది. స్టవ్ ముందే నిలబడి ఉంటుంది, పాలు మాత్రం పొంగిపోతాయి. మీరిద్దరూ ఏం కట్టుకుంటున్నారో, కూలగొట్టుకుంటున్నారో నాకు చెప్పండి' అన్నాడు. నాకు తెలిస్తే కదా చెప్పడానికి.

పంతొమ్మిదో కాలమ్‌లో ఏముంది?

బొంగరం

•

మేడ మీద గది
ఏప్రిల్ 24

బొంగరానికి,

పాస్‌వర్డ్‌లు ఉన్నాయి. చదవగలిగేలా.

జరిగింది జరిగినట్టు రాస్తాను. పాస్‌వర్డ్‌ని ఎవరూ, చివరికి సైట్ నడిపేవాళ్ళు కూడా, తిరిగి చదవలేని గజిబిజి అక్షరాలుగా మార్చి దాచాలి. బ్యాంకులో కొత్తగా చేరినవాళ్ళకి భద్రత పాఠాలు చెప్పడం నా ఉద్యోగం. మొదటి రోజు మొదటి గంటలో చెప్పేది ఇదే. వేదిక మొదలుపెట్టినప్పుడు నాకే అది తెలియదు. ఎవరు ఏం కొడితే దాన్ని అలాగే దాచాను. నాలుగేళ్ళు అలా నడిచింది.

తర్వాత నేర్చుకున్నాను, సరిచేశాను. గజిబిజి అక్షరాల కోసం కొత్త కాలమ్ పెట్టాను. పాత కాలమ్‌ని రెండు రోజులు ఉంచుదాం, లాగిన్‌లో ఏదైనా తేడా వస్తే పనికొస్తుంది, తర్వాత తీసేద్దాం అనుకున్నాను. తేడా ఏమీ రాలేదు. రాకపోబట్టే మళ్ళీ దాని జోలికి పోలేదు. ఆ రెండు రోజులు పదేళ్ళయ్యాయి. నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజు కాపీ తీద్దామని పట్టిక తెరిచాను. 6,212 మంది పాస్‌వర్డ్‌లు, తెల్ల కాగితం మీద రాసినట్టు ఉన్నాయి.

అంతటితో అయితే ఆ కాలమ్ అప్పుడే తీసేసి నీకు కాపీ పంపేసేదాన్ని. నాలుగేళ్ళ క్రితం రంపం అనే ఒక మోడరేటర్ ఉండేవాడు, గుర్తుందా? పేరుకి తగ్గ నోరు. సెర్చ్ బాగుచేస్తానంటే డేటా మొత్తం కాపీ ఇచ్చాను. వారం తిరగకుండా అందరూ చూసేచోట, 'ఈ సెర్చ్ కోడ్ రాసినవాళ్ళ చేతులు కట్టేసి కూర్చోబెట్టాలి' అని రాశాడు. నేను అతన్ని వేదిక నుంచి తీసేశాను. కాపీ వెనక్కి అడగలేదు. కోపంగా వెళ్ళిపోయిన మనిషి చేతిలో ఆరువేల మంది తాళంచెవులున్నాయి.

నా ఆలోచన చెబుతాను. డేటా మార్చేటప్పుడు ఆ కాలమ్ రాదు. పాత డిస్కులు నేను ధ్వంసం చేస్తాను. కొత్త వేదికలో అందరూ కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోవాలని ఒక నియమం పెడదాం, కారణం చెప్పక్కర్లేదు. నాలుగేళ్ళలో ఏ ఇబ్బందీ రాలేదు, ఇకముందూ రాదనుకుంటాను. మా విభాగాధిపతి వేదికలో సభ్యుడు. ఇది బయటికొస్తే నేను రేపటి నుంచి తరగతిలో నిలబడి ఏం చెప్పాలి?

నీకు తప్ప ఎవరికీ చెప్పలేదు. మీ అన్నయ్యకి కూడా.

వదిన

•

ల్యాబ్ ఆఫీసు, మూడో అంతస్తు
ఏప్రిల్ 29

వదినకి,

ఐదు నిద్రలు చేశాను. మొదటి మూడూ కోపానికే సరిపోయాయి.

నీ ఆలోచనకి నేను ఒప్పుకోను. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టుంది. ఆ 6,212 మందిలో అన్నయ్య ఉన్నాడు. రెండో సభ్యుడు. ఆయనకి ప్రోగ్రామింగ్‌లో ఓనమాలు రావు. నువ్వు తయారుచేసిన ఫారం పనిచేస్తుందో లేదో చూడటానికి చేరాడు. అప్పుడు పెట్టుకున్న పాస్‌వర్డే ఈరోజుకీ బ్యాంకుకీ, కరెంటు ఆఫీసుకీ, అన్నిటికీ. నాకు తెలుసు, నీకు తెలుసు, పక్కింటివాళ్ళకి కూడా తెలిసే ఉంటుంది. ఆయనలాంటివాళ్ళు ఇంకెంతమంది? మన దగ్గర మార్పించినంత మాత్రాన వాళ్ళ మిగతా తలుపులకి తాళం పడదు. కారణం తెలిస్తేనే అక్కడ కూడా మార్చుకుంటారు.

ఇబ్బంది రాలేదంటున్నావు. వచ్చి ఉంటే వాళ్ళకి ఎలా తెలుస్తుంది, అది మన దగ్గర నుంచి పోయిందని? ఎవడో ఎక్కడో ఖాతా తెరిస్తే తమదే పొరపాటనుకుని ఊరుకుంటారు.

నీ తరఫున నేను చెప్పను. నీ వెనక ఎవరికీ చెప్పను. అది నీ పని. కానీ సభ్యులకి చెప్పకుండా కొత్త వేదికని నేను ఆన్ చెయ్యను. మిగతా నలుగురికీ పని ఆపమని ఇంకా చెప్పలేదు. ఆపాల్సి వస్తే ఆపుతాను. గడువు దాటిపోతే పోనీ.

ముందు ఒక పని చెయ్యి. రంపాన్ని కలువు. ఉత్తరం కాదు, వెళ్ళి కలువు. కాపీ ఎక్కడుందో తెలుసుకో. దొంగతనం జరిగిందో లేదో తెలియకుండా ఇల్లుగలవాళ్ళకి ఏమని చెబుతాం?

నీ మీద కోపం తగ్గలేదు. అలాగని నీ పక్కనుంచి కదలను.

బొంగరం

•

మేడ మీద గది
జూన్ 15

బొంగరానికి,

రంపం చిరునామా దొరకడానికి నెలన్నర పట్టింది. ఆయన ఎలక్ట్రానిక్ తూకం మిషన్లు బాగుచేస్తారు. మూడు బస్సులు మారి వెళ్ళాను. మీ అన్నయ్యకి ముందురోజే అంతా చెప్పేశాను. తోడు వస్తానన్నాడు, వద్దన్నాను.

చిన్న షాపు. బల్ల నిండా విప్పిన తూకాలు, వాటి మీద ఒకదానికన్నా ఒకటి చిన్నవైన ఇత్తడి రాళ్ళు. యాభై అయిదేళ్ళుంటాయి ఆయనకి. నేనెప్పుడూ కుర్రాడనుకునేదాన్ని.

"ఏం కావాలి?" అన్నారు తల ఎత్తకుండా.

"వేదిక నుంచి వచ్చాను."

"నన్ను గెంటేసిన వేదికేనా, కొత్తది ఏమైనా పెట్టారా?"

"అదే. గెంటేసింది నేనే."

"తెలుసు మేడం. కూర్చోండి. ఆ స్టూలు వద్దు, కాలు విరిగింది. ఊళ్ళో తూకాలన్నీ బాగుచేస్తాను గానీ ఆ స్టూలుకి తీరిక దొరకదు." ఇంకో కుర్చీ జరిపి స్క్రూడ్రైవర్ పక్కన పెట్టారు. "పాస్‌వర్డ్‌ల కాలమ్ గురించేనా?"

మీకెలా తెలుసని అడిగాను.

"డేటా మొత్తం చేతికిచ్చారు కదా. పట్టిక తెరిస్తే మొదట కనపడింది అదే. మీకు రాశాను."

"నాకు రాలేదండీ."

"రాశాను. నాలుగు లైన్లు. విడిగా, మీకొక్కరికే. నా బతుకులో అంత మర్యాదగా ఎవరికీ రాయలేదు. మా ఆవిడకి చూపిస్తే, ఇది మీరే రాశారా అంది."

బయట ఎందుకు చెప్పలేదని అడిగాను.

"వాళ్ళింటికి తాళం లేదు రండి అని వీధిలో నిలబడి కేకలు పెడతామా? మీరు సరిచేసే ఉంటారనుకున్నాను. చదివి కూడా ఊరుకునే మనిషి అనుకోలేదు."

"ఇంకోసారి రాసి ఉండొచ్చు కదా."

"గెంటించుకున్న గడప రెండోసారి తొక్కే అలవాటు లేదు నాకు. అది నా తప్పే. రాసుకోండి."

కాపీ సంగతి అడిగాను. తనని తీసేసిన రోజే చెరిపేశానన్నారు. "పరాయివాళ్ళ తాళంచెవులు ఇంట్లో పెట్టుకుంటే నాకు నిద్ర పట్టదు" అన్నారు. రుజువు ఉందా అని అడిగాను. అడగకూడని మాటే, అయినా అడగాలి.

"లేనిదాన్ని ఎలా చూపిస్తాను మేడం? నమ్మితే నమ్మండి. తూకం మీద పెట్టి చూపించే వస్తువు కాదు."

ఇంటికొచ్చి డేటాలో వెతికాను. ఆయన చెప్పింది నిజం. సాయంత్రం 5:40కి సెర్చ్ గురించి అందరి ముందూ ఆ మాట రాశారు. 5:44కి నాకు విడిగా ఉత్తరం. 5:50కి నేను ఆయన్ని తీసేశాను. తీసేసినవాళ్ళ ఉత్తరాలు మోడరేటర్లకి కనపడకుండా ఉండాలని కోడ్ రాసింది నేనే, మనుషులు తిట్లు పంపుతారని. ఆ ఉత్తరం పక్కన ఇప్పటికీ 'చదవలేదు' అని ఉంది. నాలుగు లైన్లే. చివరి లైను ఇది: 'సెర్చ్ గురించి పైన కాస్త ఎక్కువ అన్నాను, క్షమించండి, ఇది మాత్రం త్వరగా చూడండి.'

మూడు నిద్రలు చెయ్యాలని ఊరందరికీ చెప్పినదాన్ని. ఆయన విషయంలో పది నిమిషాలకి మించి ఆగలేదు.

వదిన

•

ల్యాబ్ ఆఫీసు, మూడో అంతస్తు
జూన్ 20

వదినకి,

ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపాను. పోయినసారి నేను గట్టిగా మాట్లాడాను. ఇప్పుడు వేరే మాట చెప్పబోతున్నాను, నవ్వకు.

ఆయన కాపీ చెరిపేశారంటే నేను నమ్ముతున్నాను. అంటే బయట ఎక్కడా ఏమీ లేదు. ఉన్న ఒక్క కాపీ నీ దగ్గర ఉంది, దాన్ని ధ్వంసం చేస్తున్నావు. ఎవరికీ నష్టం జరగలేదు, జరగదు. అలాంటప్పుడు చెప్పి తీరాలా?

నిన్న అన్నయ్య మళ్ళీ ఫోన్ చేశాడు. 'దాని ఉద్యోగం పోతుందేమో, ఆలోచించావా?' అన్నాడు. నేను ఆలోచించలేదు. అన్నయ్య ఎప్పుడూ నన్ను ఏమీ అడగడు. గడువుకి నలభై ఒక్క రోజులుంది. పేజీలు సిద్ధంగా ఉన్నాయి. కొత్త ఇంట్లోకి అడుగుపెట్టే రోజునే, ఈ ఇంటికి పదేళ్ళు తాళం లేదని చెబితే ఎవరు వస్తారు? పోయిన నెల చేరింది తొమ్మిది మంది. వాళ్ళూ పోతే మనం ఎవరికోసం కట్టినట్టు? కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందంటారు.

చెప్పాలనే ఉంటే, కాలమ్ సంగతి వరకు చెప్పు. రంపం ఉత్తరం సంగతి చెప్పకు. అది మీ ఇద్దరి మధ్యది. ఆయన కూడా అడగలేదు. ఆ ఒక్కటీ చేర్చితే తప్పు కాస్తా నేరం అవుతుంది.

బొంగరం

•

మేడ మీద గది
జూలై 2

బొంగరానికి,

నవ్వలేదు. నీ ఉత్తరం మీ అన్నయ్యకి చదివి వినిపించాను. 'అది నా మాటే, దాని నోట్లో పెట్టాను, దాన్నేమీ అనకు' అన్నాడు.

మూడు నిద్రలు చేశాను, నాలుగో రోజు ఆఫీసుకెళ్ళి ముందు విభాగాధిపతికి చెప్పాను. కూర్చోమనలేదు, మొత్తం విన్నారు. 'ఈ పాఠం ఇకముందు ఇంకొకరు చెబుతారు' అన్నారు. ఉద్యోగం తీసెయ్యలేదు. పరీక్ష పేపర్లు దిద్దే విభాగానికి మార్చారు. సోమవారం నుంచి అక్కడే కూర్చుంటున్నాను. గదికి ఎండ బాగా వస్తుంది.

ఆ సాయంత్రమే వేదికలో పెట్టాను. నువ్వు చూశావని తెలుసు, నీ పేరు పక్కన చదివినట్టు గుర్తు కనపడింది. అయినా ఇక్కడ రాస్తున్నాను, నీకు నేను రాసినట్టు ఉండాలి కాబట్టి.

'మొదటి నాలుగేళ్ళలో చేరిన 6,212 మంది పాస్‌వర్డ్‌లు చదవగలిగే రూపంలో మా డేటాలో ఉండిపోయాయి. తీసెయ్యాల్సింది నేను, తీసెయ్యలేదు. ఒక కాపీ నాలుగేళ్ళ క్రితం బయటికి వెళ్ళింది. తీసుకున్నవారు ఆ వారంలోనే చెరిపేశానన్నారు. నేను నమ్ముతున్నాను, కానీ మీకు రుజువు చూపించలేను. అదే పాస్‌వర్డ్ ఇంకెక్కడైనా వాడుతుంటే ఈరోజే మార్చుకోండి. ఆయన ఈ తప్పు గురించి అప్పుడే నన్ను హెచ్చరించారు. ఆ హెచ్చరిక చదవకముందే, ఇంకో మాటకి కోపం తెచ్చుకుని ఆయన్ని తీసేశాను. కాబట్టి చివరి నాలుగేళ్ళ ఆలస్యం తెలియక జరిగింది కాదు, వినకపోవడం వల్ల జరిగింది.'

చివరి మూడు వాక్యాలు వద్దన్నావు. ఎందుకు పెట్టానో చెబుతాను. అవి లేకపోతే, చదివేవాళ్ళకి నేను పొరపాటు చేసి నిజాయితీగా ఒప్పుకున్న మనిషిలా కనపడతాను. ఆయన కాపీ తీసుకుని గెంటించుకున్న మనిషిలా కనపడతారు. జరిగింది దానికి తలకిందులు. సగం చెప్పి మంచిపేరు తెచ్చుకోవడం కన్నా అసలు చెప్పకుండా ఉండటమే నయం.

అందరికీ విడిగా మెయిల్ కూడా పంపాను. 2,870 వెనక్కి వచ్చాయి, ఆ చిరునామాలు ఇప్పుడు లేవు. 1,904 మంది మార్చుకున్నారు. 233 మంది తమ పేరు తీసెయ్యమన్నారు, తీసేశాను. మిగతా 1,205 మంది సంగతి తెలియదు. ప్రతి సోమవారం మళ్ళీ పంపుతాను.

జవాబులు చూసే ఉంటావు. ఎక్కువ తిట్లే. ఒకాయన రాసింది మాత్రం మర్చిపోలేకపోతున్నాను: 'ఇదే తప్పు చేసిన మా జూనియర్‌ని మీ పాఠం చూపించి అందరి ముందూ తిట్టాను. ఇప్పుడు వాడికి ఏం చెప్పమంటారు?'

మీ అన్నయ్య పధ్నాలుగేళ్ళకి పాస్‌వర్డ్ మార్చాడు. మర్చిపోతానని కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాడు. చింపేశాను. మళ్ళీ అంటించాడు.

ఇక నా సూచన, మొదటిది, చివరిది. ఇన్నాళ్ళూ డేటా తాళం ఒక్కదాని చేతిలో ఉంది. కొత్త వేదికలో ఇద్దరి దగ్గర ఉండాలి. ఒకరు దేన్నైనా తీసెయ్యాలన్నా, దాచాలన్నా, ఎవరినైనా గెంటాలన్నా రెండోవాళ్ళు ఒప్పుకోవాలి. ఒకటి నీ దగ్గర ఉంచుకో. రెండోది నాకొద్దు. రంపానికి ఇవ్వు. ఒప్పుకోరేమో, అడుగు. తీసేసినవాళ్ళ ఉత్తరాలు దాచే కోడ్ మాత్రం కొత్తదాంట్లోకి తేవద్దు.

డేటా కాపీ దీనితో పాటు పంపుతున్నాను. పద్దెనిమిది కాలమ్‌లు.

వదిన

•

ల్యాబ్ ఆఫీసు, మూడో అంతస్తు
ఆగస్టు 3

వదినకి,

జూలై 29 ఉదయం పది గంటలకి పాతది ఆపాం, పన్నెండున్నరకి కొత్తది నడిచింది. నిజం డేటా వచ్చాక నలభై చోట్ల విరిగింది, నేను అనుకున్నట్టే. ఒక సభ్యుడు తన పేరు స్థానంలో మొత్తం ఒక ప్రోగ్రాం రాసి పెట్టుకున్నాడు. వాడికోసమే అరపూట పోయింది. వెనకగది ఖాళీ చేసి తాళంచెవి కాలేజీవాళ్ళకి ఇచ్చేశాం. 61,400 ప్రశ్నల్లో ఒక్కటీ పోలేదు. 'ప్రింటర్' అని కొడితే నూటనలభై మూడు వస్తున్నాయి. నేను చేత్తో లెక్కపెట్టినప్పుడు మూడు తప్పాను.

జూలైలో కొత్తగా చేరినవాళ్ళు పధ్నాలుగు మంది. వెళ్ళిపోయినవాళ్ళు మొత్తం నాలుగువందల పైచిలుకు. లెక్క మనవైపు లేదు, చూద్దాం.

రంపానికి ఫోన్ చేశాను. "ఆవిడ పంపిందా, నువ్వే చేస్తున్నావా?" అన్నారు. ఆవిడ చెప్పింది, నేను చేస్తున్నానన్నాను. ముందు కోడ్ చూపించమన్నారు. గంటలో పదకొండు తప్పులు పట్టి పంపారు. పదింటిని ఒప్పుకున్నాను, ఒకదాని మీద ఇంకా పోట్లాడుతున్నాం. "తాళంచెవి తీసుకుంటానమ్మా. కానీ నా నోరు మారదు, అది ఆవిడకి ముందే చెప్పు" అన్నారు. చెబుతున్నాను.

ఇంకో సంగతి. నీకు చెప్పకూడదనుకున్నాను, ఆయనే చెప్పేస్తారేమోనని చెబుతున్నాను. నీ ప్రకటన కింద మొత్తం మూడువందల పన్నెండు జవాబులు వచ్చాయి. అందులో కొన్ని మనిషిని పట్టుకుని అనే మాటలు కాదు. మొన్న వాటిలో ఒక నలభై ఎంచి, దాచేద్దామని నా తాళం తిప్పాను. రెండో తాళం కోసం ఆయనకి వెళ్ళింది. ఐదు నిమిషాల్లో ఫోన్.

"ఆవిడ అడిగిందా?"

"లేదండీ, నేనే. మా వదిన చదువుతుందని."

"చదవనీ. తిట్టినవాళ్ళకి ఆ మాత్రం హక్కుంది. నేను తిప్పను."

అందుకని అవి అలాగే ఉన్నాయి. ఈ ఉదయం ఆ పేజీ తెరిచి చూశాను. ఒక్కొక్క జవాబు కింద, ఒక్కొక్క తిట్టు కింద కూడా, పేరుపేరునా నువ్వు రాస్తున్నావు. ఆ జూనియర్‌కి ఏం చెప్పాలో పేజీన్నర రాశావు. నేను చూసేసరికి నూటపదిహేడో జవాబు దగ్గర ఉన్నావు.

నీ ఆడపడుచు